ఇంటిభాష - బడిభాష

గౌతమీ వసిష్ఠల నడుమ, కొబ్బరితోటల నీడలో కొత్తపేట యున్నది. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా యేర్పడినప్పుడు ఈ యూరు ఒక రెవెన్యూ డివిజనునకు ముఖ్యస్థానమయ్యెను. పలివెల కొప్పులింగేశ్వరుని కోవెల ఇచ్చటికి దగ్గర. ఊరిచుట్టును పంటకాలువలు, బోదెలు, వరిచేలు, అరటితోటలు కలవు. ఇచ్చట పుట్టిన బిడ్డ బడికి వచ్చునాటికే యెంత చదువు చదివియుండునో పెద్దలు సాధారణముగా లెక్కింపరు.

అయిదేండ్ల పిల్ల యొకతె యున్నదనుకొందము. తండ్రి కొబ్బరిచెట్లెక్కి దింపు తీయువాడు. తల్లి పీచుపనికి పోవును. ఆ పిల్లకు లేతబొండమునకును, ముదురుకాయకును, కురిడీకిని గల భేదము తెలియును. గోదావరికి ఎఱ్ఱనీరు ఎప్పుడు వచ్చునో తెలియును. "రేపు వాన రాకపోతే దింపు ఉంటుంది" అని తండ్రి యన్నప్పుడు, ఆ "పోతే" యను చిన్నమాటలో ఎంత తర్కము ఇమిడియున్నదో ఆమెకు ఎవ్వరును బోధింపలేదు. ఐనను ఆమె దానిని గ్రహించినది. తాను కూడ తప్పు లేక వాడుచున్నది. వేలకొలది మాటలు, వానిని కూర్చుటకు నియమములు, పెద్దవారిని "అండీ" యని పిలువవలెనను మర్యాద, కోపమును దాచుకొని మాటాడుటకు వలయు నేర్పు - ఇంత సంపద మూటగట్టుకొని ఆమె బడిగడప తొక్కును.

ఆ మూటను గడపకు వెలుపలనే పెట్టి రమ్మనిన నేమగును?

మూడవ తరగతిలో ఆమె యెదుట ఇంగ్లీషు గణితపుస్తకము తెరచిపెట్టిరి. అందొక లెక్క యున్నది: "రవి హాజ్ 45 కోకోనట్స్. హీ హాజ్ 18 మోర్ దేన్ సీత. హౌ మెనీ కోకోనట్స్ డజ్ సీత హావ్?" పిల్ల అంకెలు రెండింటిని చూచినది. "మోర్" అనగా ఎక్కువ యని పదముల పట్టికలో వల్లించియున్నది. ఎక్కువ కాబట్టి కూడవలెననుకొని 63 అని వ్రాసినది. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేసెను. ఇట్లు పలుమారులు జరిగినచో ఆ పిల్లకు లెక్కలు రావని ఇంటను బడిలోను పేరు పడును. కొన్నాళ్లకు ఆమెయు ఆ మాటను నమ్మును.

అదే లెక్కను ఆ సాయంకాలము తండ్రి తోటగట్టున కూర్చుండి, "రవి దగ్గర 45 కాయలున్నాయమ్మా. అవి సీత దగ్గరున్న వాటికంటే 18 ఎక్కువ. మరి సీత దగ్గర ఎన్ని?" అని యడిగెననుకొందము. పిల్ల వేళ్లు ముడిచి లెక్కించి 27 అనును. ఒకవేళ పొరబడినను, "ఎవరిదగ్గర ఎక్కువున్నాయి? సీత దగ్గరా, రవి దగ్గరా?" అని యొక్క ప్రశ్న వేసిన చాలును; తన తప్పు తానే దిద్దుకొనును. తీసివేత ఆమెకు వచ్చును. పోలిక ఆమెకు తెలియును. ఆ రెండింటిని చేరుటకు వలసిన త్రోవ మాత్రము ఇంగ్లీషు వాక్యములో మూసికొనిపోయినది.

ఐనను ఆ తండ్రినే పిలిచి, పిల్లను ఏ మాధ్యమమున చదివింతువని యడిగినచో ఆతడు తడుముకొనకుండ బదులు చెప్పును. "ఆయ్, మేమెలాగూ చెట్లెక్కి బతికేశామండి. పిల్లకి ఇంగ్లీషొస్తే చాలండి." ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. కోనసీమ పల్లెలనుండి ఎందరో మస్కటునకు, కువైటునకు, దుబాయికి పోయి పనిచేయుచున్నారు. వైద్యశాస్త్రమునకు, సాంకేతికవిద్యలకు, పైకోర్టులకు వాకిలి ఇంగ్లీషే. భూమిగల వారి పిల్లలు ఇంగ్లీషు బడికి బస్సులో పోవుచుండగా, కూలివాని పిల్లకు మాత్రము తెలుగే చాలునని యెవరు చెప్పినను అతడు నమ్మడు, నమ్మనక్కరయు లేదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టుటకు ఉత్తరువు లిచ్చినప్పుడు రాష్ట్రమంతట గొప్ప వాదము చెలరేగెను. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ యుత్తరువులను కొట్టివేసెను. అటుపిమ్మట ప్రభుత్వము తల్లిదండ్రుల నడిగి చూడగా, అత్యధికసంఖ్యాకులు ఇంగ్లీషునే కోరిరని ప్రకటించెను. తల్లిదండ్రుల కోరికలో సందేహమునకు తావు లేదు. తేలవలసినది వేరొకటి. ఇంగ్లీషు నేర్చుట యొక పని. ఇంగ్లీషు ద్వారమున గణితము, విజ్ఞానము, చరిత్ర నేర్చుట మరియొక పని. రెండవది చేసిన మొదటిది దానంతట నదే వచ్చునని లోకము నమ్ముచున్నది. అది నిజమా?

ఈ ప్రశ్నను తెలుగునాట కొంచెము వేరురూపమున మొట్టమొదట గట్టిగా పట్టుకొన్నవాడు ఒక బడిపంతులు. గిడుగు వేంకట రామమూర్తి 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళమునకు సమీపమునగల పర్వతాలపేటలో జన్మించెను. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. పర్లాకిమిడి ఆనాడు మద్రాసు రాజధానిలోనిది. 1936లో ఒడిశా రాష్ట్ర మేర్పడినపుడు అందు చేరినది. ఆ యూరికి చేరువ కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు గాని, ఒడియాకు గాని చుట్టము కాదు. అది ముండా భాషాకుటుంబమునకు చెందినది. దానికి పుస్తకము లేదు, నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు. పల్లపు ఊళ్లవారు దానిని భాషగా లెక్కింపనే లేదు.

రామమూర్తి ఆ భాష నేర్వబూనెను. సవరభాష నెరిగిన వానిని తన యింట నుంచుకొని, ఒక్కొక్క మాట యడిగి వ్రాసికొనెను. సెలవులలో కొండలకెక్కి సవరపల్లెలలో తిరిగెను. అచ్చట మన్యపుజ్వరము పట్టుకొనెను. దానికై తిన్న క్వయినా మందువలన ఆయనకు చెవుడు కలిగెను. పలుకుబడిలోని ధ్వనిభేదములను వినుటయే పనిగా పెట్టుకొన్నవానికి ఇంతకంటె నష్టము లేదు. ఆయన మాత్రము పని విడువలేదు. సవరభాషలో వాచకములు, కథలు వ్రాసెను. సవర బాలురకు బడులు పెట్టి, తన డబ్బుతో ఉపాధ్యాయులకు జీతము లిచ్చి, వారి భాషలోనే చదువు చెప్పించెను. ఆయన వ్రాసిన సవరభాషా వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడెను. 1940 జనవరిలో ఆయన కాలధర్మము చెందెను.

సవర బాలుని తెలుగు బడిలో కూర్చుండబెట్టినచో వాడు మందమతివలె కనబడును. ఆ బాలుడే తన యూరిలో తేనె యే చెట్టున నున్నదో, ఏ దుంప విషమో చక్కగా వివరించి చెప్పగలడు. లోపము బాలునియందా, బడియందా? ఈ యాలోచనయే రామమూర్తిని తెలుగు బాలుర వంకకును త్రిప్పెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున ఉత్తరజిల్లాల పాఠశాలలపై అధికారిగా వచ్చిన జె. ఎ. యేట్సు అను ఆంగ్లేయుడు తెలుగు నేర్చుకొనుచు, ప్రజలు మాటాడు తెలుగొకటి, పుస్తకములలోని తెలుగు మరొకటి యేల యున్నవని యడిగెను. విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షుడు పి. టి. శ్రీనివాస అయ్యంగారును, విజయనగరమున గురజాడ అప్పారావును, పర్లాకిమిడిలో రామమూర్తియు ఆ ప్రశ్నను చేపట్టిరి. వ్యావహారికభాషోద్యమము అట్లు బలపడినది. బాలునికి రాని భాషలో బోధించుట తగదనుటయే దాని మూలసూత్రము. ఈ సంగతిని గ్రాంథికభాషలో చదువవలసివచ్చినందుకు రామమూర్తి పంతులుగారు నవ్వియుందురు, పాఠకులును నవ్వవచ్చును.

రామమూర్తిది అనుభవము. అనుభవమును కొలిచి చూపుట మనస్తత్త్వశాస్త్రజ్ఞుల పని. వారు మొదట తప్పుదారి పట్టిరి. 1923లో సేయరు అను పరిశోధకుడు వేల్సు దేశమున బాలబాలికలకు బుద్ధిపరీక్షలు పెట్టెను. పల్లెలలో వెల్షు, ఇంగ్లీషు రెండును మాటాడు పిల్లలు, ఒక్క ఇంగ్లీషే మాటాడు పిల్లలకంటె వెనుకబడిరని తేలెను. రెండు భాషలు మెదడునకు బరువని పండితులు నిశ్చయించిరి. పట్టణములలోని పిల్లలయందు అట్టి భేదము కనబడలేదన్న సంగతిని మాత్రము ఎక్కువమంది పట్టించుకొనలేదు. పల్లెపిల్లల పేదరికమును, వారికి బాగుగా రాని భాషలో పరీక్ష పెట్టుటను లెక్కలోనికి తీసికొనక, తప్పంతయు రెండవ భాషమీదికి నెట్టిరి. ఈ నమ్మకము దాదాపు నలుబది సంవత్సరములు నిలిచినది. 1962లో కెనడా దేశపు మాంట్రియలు నగరమున పీల్, లాంబర్టు అను ఇరువురు పరిశోధకులు, ఇంటి స్తోమతలో సమానులైన పదేండ్ల పిల్లలను ఎన్నుకొని పరీక్షించిరి. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండును బాగుగా వచ్చిన పిల్లలే ముందుండిరి.

మన దేశమున ఈ పరీక్షకు అనువైన చోటును కనుగొన్నవాడు అజిత్ కుమార్ మొహంతి. ఆయన మనస్తత్త్వశాస్త్ర ఆచార్యుడు. భువనేశ్వరమున ఉత్కళ విశ్వవిద్యాలయమునందును, పిదప ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునందును పనిచేసెను. ఒడిశాలోని ఫూల్బణి ప్రాంతమున కోందులనెడి గిరిజనులు గలరు. వారి భాష కుయి. అది మన తెలుగువలె ద్రావిడకుటుంబము లోనిదే. ఆ ప్రాంతమునందలి యొక విశేషము మొహంతి కంట బడినది. కొన్నిచోట్ల కోందులు కుయిని పూర్తిగా విడిచి ఒడియా మాత్రమే మాటాడుచుండిరి. మరికొన్నిచోట్ల కుయి, ఒడియా రెండును మాటాడుచుండిరి. కులమొకటే, ఆచారములొకటే, బీదతనమొకటే. భాషలు మాత్రము ఒకచోట ఒకటి, ఇంకొకచోట రెండు. శాస్త్రజ్ఞుడు కోరి యేర్పరచుకొనవలసిన తక్కెడను ప్రకృతియే కట్టియుంచినట్లున్నది.

1980 ప్రాంతములయందు ఆయనయు ఆయన సహచరులును ఈ పిల్లలను పలువిధముల పరీక్షించిరి. రెండు భాషల పిల్లలు బుద్ధిపరీక్షలలోను, భాషను గూర్చి ఆలోచించు శక్తిలోను మిన్నగా నుండిరి. భాషను గూర్చి ఆలోచించుట యనగా నేమో ఒక చిన్న యుదాహరణమువలన తెలియును. రష్యా దేశపు మనస్తత్త్వవేత్త విగోట్‌స్కీ 1934లో వెలువడిన తన గ్రంథమున ఇట్టి ప్రశ్నను వివరించెను: కుక్కకు "ఆవు" అని పేరు పెట్టితిమి, ఇప్పుడు దానికి కొమ్ములుండునా? చిన్నపిల్లలు, ఆవు కాబట్టి కొమ్ములు ఉండవలసినదే యందురు. పేరు వేరు, వస్తువు వేరు అను జ్ఞానము వారికింకను కలుగలేదన్నమాట. ఇంట ఒకమాటయు, సంతలో మరియొకమాటయు వినుచు పెరిగిన పిల్లకు ఈ జ్ఞానము త్వరగా కలుగుననుట సహజమే కదా. కోందు పిల్లలపై జరిపిన ఈ పరిశోధనలు 1994లో మైసూరునందలి భారతీయభాషల కేంద్రసంస్థవారు ప్రకటించిన మొహంతి గ్రంథమున చేరినవి.

కావున రెండు భాషలు బిడ్డకు బరువు కావు, బలము. మరి ఆ బలమే మన దింపు కార్మికుని కూతురికి ఏల కలుగలేదు? ఆమెకును తెలుగు, ఇంగ్లీషు రెండును చెప్పుచునే యున్నారు కదా! ఈ సందేహమునకు సమాధానము కోందుల పల్లెలలోనే యున్నది. ఆ పిల్లలు ఒడియాను నేర్చినది కుయిని పారవేసి కాదు. రెండు భాషలును వారి దినచర్యలో బ్రతికియున్నవి. ఒకటి ఇంకొకదాని మెడపై కాలుమోపలేదు.

ఇంకొక ఆక్షేపణ కూడ కలదు. 1965లో మాంట్రియలు సమీపమున సెయింట్ లాంబర్టు అను చోట ఇంగ్లీషు కుటుంబముల పిల్లలకు బడిలో చేరిన దినమునుండి ఫ్రెంచి భాషలోనే పాఠములు చెప్పసాగిరి. ఆ పిల్లలు చెడిపోలేదు. ఫ్రెంచి బాగుగా వచ్చినది, ఇంగ్లీషును తగ్గలేదు, గణితమును తగ్గలేదు. పరభాషలో చదువు చెప్పిన నష్టము లేదనువారు ఈ యుదాహరణమును తరచుగా చూపుదురు. వాదము బలమైనదే. అయితే ఆ బడిని దగ్గరకు పోయి చూడవలెను. ఆ తరగతిలోని ఉపాధ్యాయురాలికి పిల్లల భాషయు వచ్చును. పిల్లవాడు తొలిదినములలో ఇంగ్లీషున మాటాడినను ఆమెకు తెలియును. ఫ్రెంచిలో బదులు చెప్పును. ఎవ్వరును వానిని దండింపరు. ఇంట తల్లిదండ్రులు చదువరులు; నిద్రపోవువేళ ఇంగ్లీషు కథలు చదివి వినిపింతురు. రెండవ తరగతినుండి బడిలోనే ఇంగ్లీషు చదువును నేర్పిరి. అన్నింటికంటె ముఖ్యముగా, వారి ఇంటిభాషను తక్కువదని యెవ్వరును అనలేదు. కెనడా దేశమున ఇంగ్లీషునకు గౌరవము తక్కువా? కొత్తపేట చుట్టుపట్ల పల్లెలలో ఇంట పుస్తకము లేని పిల్లకు, తానే ఇంగ్లీషున మాటాడుటకు జంకు ఉపాధ్యాయుని యెదుట కూర్చున్న పిల్లకు, ఈ పోలిక యెట్లు కుదురును?

టొరంటో నగరమున జిమ్ కమ్మిన్సు అను ఆచార్యుడు మరియొక విషయమును బయటపెట్టెను. ఆయన ఐర్లండులో పుట్టినవాడు. భాషయందు రెండంతస్తులు గలవని ఆయన 1979లో వివరించెను. ఆటస్థలమున, అంగడివీథిలో మాటాడుకొను భాష యొకటి. అచ్చట ఎదుటివాని ముఖము, చేతులు, వస్తువులు అన్నియు అర్థమును అందించును. పాఠ్యపుస్తకమునందలి భాష వేరు. అందు ముఖము లేదు, చేయి లేదు. మాట తప్ప ఆధారము లేదు. విదేశములనుండి కెనడాకు వచ్చిన పిల్లలు మొదటి భాషను సుమారు రెండేండ్లలోనే పట్టుకొనుచున్నారు. రెండవదానిలో తోటిపిల్లలను అందుకొనుటకు అయిదునుండి ఏడేండ్లు పట్టుచున్నదని 1981లో ఆయన చూపెను. వీథిలోను, ఆటలోను, అంగడిలోను ఇంగ్లీషే వినబడు దేశమున ఇంత కాలము! పంతులు నోట తప్ప మరెచ్చటను ఇంగ్లీషు వినబడని పల్లెలో మూడవ తరగతి పిల్లనుండి మన మెంత కోరుచున్నాము!

కమ్మిన్సే చెప్పిన మరియొక మాట ఆశ గొల్పునది. రెండు భాషలును పైకి వేరువేరుగా కనబడినను, లోపల ఆలోచన యొకటే. కోనసీమవారికి దీనిని తెలుపుట సులభము. ఒకే తోటలో రెండు నూతులు త్రవ్విరనుకొనుడు. ఒరలు వేరు, గిలకలు వేరు, చేదలు వేరు; అడుగున ఊట యొక్కటే. తెలుగులో చదివి అర్థము చేసికొనుట వచ్చిన బిడ్డ, భిన్నములనగా నేమో తెలుగులో తెలిసిన బిడ్డ, ఇంగ్లీషులో మరల దానిని మొదటినుండి నేర్వనక్కరలేదు. మాటలు నేర్చిన చాలును. ఊటను పూడ్చివేసి రెండవ నూతిలో చేద వేసిన మాత్రము త్రాడు పొడవే తెలియును గాని నీరు రాదు.

నూతిమాట యట్లుండగా, ఒక భాషనుండి మరొక భాషకు దాటించు విధమునకు కోనసీమలోనే మరియొక పోలిక కలదు. కొత్తపేటకు ఎగువన ఆత్రేయపురము వంక లొల్ల లాకులున్నవి. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో ముగిసిన పిమ్మట త్రవ్విన గోదావరి కాలువలపై చాలకాలము పడవల రాకపోకలు సాగెను. కాలువలో ఎగువ నీటిమట్టము ఎక్కువ, దిగువ మట్టము తక్కువ. అట్టి చోట్ల పడవను ఒక్కసారిగా వదలిన బోల్తాపడును. కావున రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిని మెల్లమెల్లగా ఎక్కించియో దింపియో, ఇరువైపుల మట్టము సమానమైన తరువాతనే రెండవ తలుపు తెరచెడివారు. సమానము కాకముందు ఆ తలుపు తెరచుటకు పదిమంది నెట్టినను సాధ్యము కాదు. సమానమైనచో కొద్ది బలము చాలును. తొందరపడు సరంగుకు ఆ కొంతసేపు వ్యర్థమని తోచెడిది. లాకుల కాపరి మాత్రము తొందరపడెడివాడు కాడు.

మొహంతి తన పరిశోధనను బాలుని బుద్ధిదగ్గరనే ఆపలేదు. భాషల నడుమగల హెచ్చుతగ్గులను కూడ తడవి చూచెను. మన దేశమున భాషలు మెట్లుమెట్లుగా నున్నవి. పైమెట్టున ఇంగ్లీషు, నడుమ తెలుగు, ఒడియావంటి రాష్ట్రభాషలు, అడుగున సవర, కుయి, కోయవంటి గిరిజనభాషలు. పైమెట్టునకును నడిమిమెట్టునకును మధ్య ఒక అగడ్త. నడిమిమెట్టునకును అడుగుమెట్టునకును మధ్య మరియొక అగడ్త. తెలుగువాడు ఇంగ్లీషు తన్ను చిన్నచూపు చూచుచున్నదని బాధపడును. తాను సవరను చూచు చూపును గుర్తింపడు. ఈ మాట మనకు కొంచెము గ్రుచ్చుకొనును. గ్రుచ్చుకొనుటయే మేలు.

గిడుగువారు వెలిగించిన దీపము చాలకాలమునకు మరల కనబడినది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గిరిజన పాఠశాలలలో బహుభాషావిద్యను ప్రారంభించెను. సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా - ఈ యెనిమిది భాషలలో వాచకములు తయారయ్యెను. లిపి తెలుగు లిపియే, మాటలు పిల్లలవి. ఆయా గిరిజనులనుండియే ఉపాధ్యాయులను తీసికొనిరి. పిల్లలు తొలుత తమ భాషలో చదువను వ్రాయను నేర్చి, మెల్లగా తెలుగునకు, పిదప ఇంగ్లీషునకు దాటవలెనని యేర్పాటు. ఒడిశాలోను ఇట్టి ప్రయత్నము జరిగెను. ఈ రెండు రాష్ట్రముల ప్రయత్నములను గూర్చి మొహంతి మరికొందరితో కలిసి 2009లో వ్యాసము వ్రాసెను. బడి యనిన బెదరిన పిల్లలు నోరు విప్పి ప్రశ్నలడుగుచుండుట అట్టి తరగతులలో కనబడు మొదటి మార్పు. ఐతే కొన్నేండ్లకే మాతృభాషను ప్రక్కకు నెట్టి పైమెట్టుకు పరుగుతీయించినచో ఫలము నిలువదనియు ఆయన హెచ్చరించెను. లాకుతలుపు ముందుగా తెరచుటవంటిదే యదియు.

చట్టములు, విధానములు ఈ విషయమున పలుమార్లు మాటాడినవి. వీలైనంతవరకు బాలుని మాతృభాషయే బోధనభాషగా నుండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పినది. 2014లో సుప్రీముకోర్టు, ప్రభుత్వసాయము పొందని బడులలో మాతృభాషా మాధ్యమమును ప్రభుత్వము నిర్బంధింపరాదని తీర్పిచ్చినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము కనీసము అయిదవ తరగతివరకు, వీలైనచోట్ల, ఇంటిభాషలో బోధింపుమన్నది. "వీలైనంతవరకు", "వీలైనచోట్ల" అను మాటల సందులోనుండి బడులన్నియు తమకు తోచిన త్రోవన పోవుచున్నవి. అందుచేత, పలకపై ఇంగ్లీషు మాధ్యమమని వ్రాసి, లోపల తెలుగున అర్థము చెప్పి, పరీక్షకు ఇంగ్లీషు జవాబులను వల్లె వేయించు బడులు పుట్టగొడుగులవలె లేచినవి. అట్టిచోట తండ్రి రుసుము చెల్లించినది ఇంగ్లీషునకు; పిల్లకు దక్కినది కంఠపాఠము. ఆ తండ్రికి ఈ సంగతి చెప్పువారెవ్వరు?

ఈ కలతలో ఒక మంచిపని జరిగినది. 2020-21వ విద్యాసంవత్సరమునుండి ఆంధ్రప్రదేశమున రెండు భాషల పాఠ్యపుస్తకములు వెలువడెను. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో అదే పాఠము తెలుగున. తెలంగాణమునందును 2022లో ఇట్టి పుస్తకములు వచ్చినవి. వీనిని కొందరు ఇంగ్లీషు మాధ్యమమునకు వేసిన ముసుగనిరి. మరికొందరు తెలుగునకు పారవేసిన భిక్ష యనిరి. పుస్తకము చేతబట్టిన పిల్లకు ఈ వాదములతో పనిలేదు. దానిని ఎట్లు వాడవలెనో తెలిసిన ఉపాధ్యాయుడు దొరికెనా, రెండు పుటల నడుమనున్న ఆ కుట్టే లాకుల తలుపగును.

కొత్తపేటలో ఆ దింపు కార్మికుని కూతురిచేత అట్టి పుస్తకము పెట్టి, రవి సీతల కొబ్బరికాయల లెక్కను మరల చేయుమని యొక ఉపాధ్యాయిని చెప్పినదనుకొందము. మొదట తెలుగు పుట చదువుమనును. పిల్ల చదివి, "ఎవరిదగ్గర ఎక్కువున్నాయి టీచరుగారండీ?" అని తానే యడిగి, తానే "రవి దగ్గర" అని చెప్పుకొనును. పలకమీద రవికి ఒక పెద్ద కుప్ప, సీతకొక చిన్న కుప్ప గీయును. 27 వచ్చును. "ఇప్పుడు ఇటువైపు చూడమ్మా" అని ఉపాధ్యాయిని ఇంగ్లీషు పుట చూపును. "మోర్" అను మాటవద్ద పిల్ల వ్రేలు ఆగును. ఎవరికంటె ఎవరికి ఎక్కువయని వెనుకకు, ముందునకు వ్రేలు జరుపును. "దేన్" అను మాట అచ్చట ఊరకయే లేదని ఆమెకు తెలియును. మరునాడు ఇంకొక లెక్క వచ్చినప్పుడు, ఆమె తెలుగు పుటపై తన అరచేయి కప్పి, ఇంగ్లీషు పుటను చదువుటకు మొదలిడును. రెండవ వాక్యమువద్ద చేయి కొంచెము ప్రక్కకు జరుపును; ఒక్కమాట చూచుకొని, మరల కప్పివేయును.